టెక్ సందేహాలు: ఫొటో వచ్చింది, తెరుచుకోవడం లేదు

ఒక కంప్యూటర్‌లో చక్కగా కనిపించే బొమ్మ ఇంకో కంప్యూటర్‌లో మొరాయిస్తోందని ఈసారి చాలామంది రాశారు. వాటిలో నాలుగు ఇక్కడ తీసుకుంటున్నాను.

మాది కడియం దగ్గర నర్సరీ. తమ్ముడు ఐఫోన్‌తో మొక్కల ఫొటోలు తీసి ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. అన్నీ హెచ్‌ఈఐసీ అని వస్తున్నాయి, విండోస్ 10లో తెరుచుకోవు. పేరు చివర జేపీజీ అని మార్చి బెంగళూరు పార్టీకి పంపితే వాళ్లకీ రాలేదట. ఆర్డర్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉందండి.

ఫొటోలకేమీ కాలేదు, కంగారు పడకండి. ముందు ఆ పేర్లన్నీ మళ్లీ హెచ్‌ఈఐసీగా మార్చేయండి. స్వర్ణ బస్తా మీద సోనా మసూరి అని రాస్తే లోపలి బియ్యం మారవు కదా. ఫైలు ఏ రకమో దాని మొదటి కొన్ని బైట్లలోనే రాసి ఉంటుంది. పేరు మార్చితే ఆ బైట్లు మారవు, లోపలి బొమ్మా మారదు.

ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో ఈ ఫార్మాట్‌కి మారింది. అదే నాణ్యత ఉన్న ఫొటో జేపీజీతో పోలిస్తే సుమారు సగం జాగాలో సరిపోతుంది. అయితే లోపల వాడేది హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతి, దానికి పేటెంట్ల రుసుములు ఉన్నాయి. విండోస్‌లో ఇబ్బంది అక్కడే వస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్‌ఈఐసీలు తెరవడానికి పనికొచ్చే హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్ ఉచితమే కానీ, దానికి తోడుగా కావలసిన హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్‌కి కొద్దిపాటి ధర కట్టాలి.

మీకు వందల ఫొటోలు ఉంటాయి కాబట్టి ఫొటోల ఫార్మాట్ మార్చే ఎక్స్ఎన్‌కన్వర్ట్ అనే ప్రోగ్రామ్ తెచ్చుకోండి. సొంతానికి వాడుకుంటే ఉచితం, వ్యాపారానికైతే లైసెన్సు తీసుకోవాలి. ఫోల్డర్ మొత్తాన్ని అందులోకి లాగి, అవుట్‌పుట్‌లో జేపీజీ ఎంచుకుని, నాణ్యత 90 దగ్గర పెట్టి, వేరే ఫోల్డర్‌లోకి తీయండి. అక్కడే ఐసీసీ ప్రొఫైల్, అంటే రంగులను ఎలా చూపించాలో చెప్పే సమాచారం, ఉంచమనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టడం మరవకండి. ఐఫోన్ మామూలు కంటే విస్తారమైన రంగుల పరిధిలో ఫొటో తీస్తుంది. ఆ ప్రొఫైల్ పోతే ఎర్ర మందారం, రాణీ రంగు కాగితంపూలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పువ్వు రంగు చూసి ఆర్డరిచ్చే పార్టీకి అలాంటి ఫొటో పంపితే నష్టం మీకే.

ఇకపై ఈ గొడవే వద్దనుకుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టమని తమ్ముడికి చెప్పండి. అప్పటినుంచి తీసేవి జేపీజీలుగానే వస్తాయి, ఫోన్‌లో జాగా మాత్రం ఎక్కువ పడుతుంది. పాత హెచ్‌ఈఐసీలను చెరిపేయొద్దు. అసలు అదే, జేపీజీ దాని నకలు. మళ్లీ మళ్లీ సేవ్ చేసినకొద్దీ జేపీజీ నాణ్యత తగ్గుతూ పోతుంది.

ఇంకో మాట. ఫైలు ఎక్కిస్తే మార్చి ఇచ్చే సైట్లు నెట్‌లో బోలెడు. మొక్కల ఫొటోలకైతే ఫర్వాలేదు. ఆధార్ కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంట్లో ఆడపిల్లల ఫొటోలు మాత్రం వాటిలోకి ఎక్కించకండి. ఆ కాపీ ఎవరి దగ్గర ఉండిపోతుందో మనకు తెలిసే దారి లేదు.

నరసాపురంలో లేసు అల్లికల పని మాది. నెట్‌లో ఉన్న మా పాత డిజైన్ ఫొటోలు సేవ్ చేస్తే వెబ్‌పీ అని వస్తున్నాయి. ప్రింటింగ్ షాపువాళ్లు తెరుచుకోవట్లేదంటున్నారు.

వెబ్‌పీ గూగుల్ 2010లో తెచ్చిన ఫార్మాట్. ఇప్పటి విండోస్ పెయింట్‌లోనే తెరుచుకుంటుంది. సేవ్ యాజ్‌లో పీఎన్‌జీ ఎంచుకోండి, సన్నటి దారపు గీతలు చెదరవు. కానీ ఫార్మాట్ మార్చినంత మాత్రాన బొమ్మ పెద్దదైపోదు. నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే 1200 పిక్సెల్స్‌కి 1800 పిక్సెల్స్ ఉండాలి. నెట్‌లోది అంతకంటే చిన్నదైతే లేసును మళ్లీ ఫొటో తీయడమే మేలు.

మండపేట. మేనమామగారబ్బాయి గృహప్రవేశం ఫొటోలను తన మ్యాక్ నుంచి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. మా కంప్యూటర్‌లో ప్రతి ఫొటో రెండేసి కనిపిస్తోంది. ఒక దాని పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్ ఉన్నాయి. సైజు 4 కేబీ. అది తెరుచుకోదు. వైరసా?

వైరస్ కాదండి. మ్యాక్ అంటే ఆపిల్ కంప్యూటర్, అది తన లెక్కల కోసం ప్రతి ఫైలు గురించి కొంత అదనపు సమాచారం దాచుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చడానికి సాధారణంగా వాడే ఫ్యాట్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో దానికి చోటు లేదు కాబట్టి పక్కనే ఇంకో చిన్న ఫైలు చేసి అందులో పెడుతుంది. మ్యాక్‌లో అవి కనబడవు, మన విండోస్‌లో కనబడతాయి. పక్కన మూడు నాలుగు ఎంబీల సైజులో ఉన్నదే అసలు ఫొటో. చుక్కతో మొదలయ్యేవాటిని నిశ్చింతగా తీసేయండి. మ్యాక్‌లో చేసిన జిప్‌లో కనబడే మ్యాక్‌ఓఎస్‌ఎక్స్ ఫోల్డర్ కూడా ఈ కోవలోదే.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. పెన్‌డ్రైవ్ మ్యాక్ సొంత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే విండోస్ దాన్ని చదవలేక "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకండి, ఉన్న ఫొటోలన్నీ పోతాయి. పెన్‌డ్రైవ్ తీసి ఆ అబ్బాయికే ఇచ్చి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన వేరే దాంట్లోకి కాపీ చేసిమ్మనండి.

అమలాపురం. 1990ల్లో మేం నడిపిన చిన్న పత్రిక బొమ్మలు పాత మ్యాక్ నుంచి సీడీలో తీసి పెట్టాం. ఫైళ్ల పేర్ల చివర ఏమీ లేదు. ఏదీ తెరుచుకోవట్లేదు. రిటైరయ్యాక అన్నీ ఒకచోట చేర్చాలని ఆశ.

మాస్టారూ, ఈ పని తప్పకుండా చేయండి, అదీ తొందరగా. సీడీలు కలకాలం ఉండవు. ముందు సీడీలో ఉన్నదంతా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. సీడీయే విండోస్‌లో కనబడకపోతే అది పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో రాసినదై ఉండొచ్చు. హెచ్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడండి. కొత్త మ్యాక్ తెచ్చినా లాభం లేదు, 2019లో కాటలీనా అనే వెర్షన్ వచ్చినప్పటినుంచి మ్యాక్ కూడా ఆ పద్ధతిని చదవడం మానేసింది.

పేరు చివర ఏమీ లేకపోవడం తప్పు కాదు. అప్పటి మ్యాక్ ఫైలు రకాన్ని పేరులో కాకుండా నాలుగక్షరాల కోడ్‌గా విడిగా దాచేది. సీడీ నుంచి సీడీకి, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి మారేటప్పుడు ఆ కోడ్ జారిపోయి ఉంటుంది. ఆ రోజుల బొమ్మలైతే టిఫ్ గానీ, 1984లో మొదటి మెకింటాష్‌తో వచ్చిన పిక్ట్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. ఒక కాపీకి చివర పీసీటీ అని చేర్చి లిబ్రేఆఫీస్ డ్రాలో తెరవండి. రాకపోతే టిఫ్ అని చేర్చి ఎక్స్ఎన్‌కన్వర్ట్‌లో చూడండి. ఇక్కడ మార్చేది పేరే అయినా, లోపలున్నదేమిటో సాఫ్ట్‌వేర్‌కి చెప్పడానికి పనికొస్తుంది.

పిక్ట్‌లో పిక్సెల్స్‌తో పాటు గీతలు, అక్షరాలు కూడా ఉండొచ్చు. బొమ్మలో తెలుగు అక్షరాలుంటే, అప్పటి ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేనప్పుడు అవి ఇంగ్లిషు గుర్తుల్లా గజిబిజిగా వస్తాయి. ఫైలు పాడైందనుకుని పారేయకండి. ఆ పాత మ్యాక్ ఎవరింట్లోనైనా ఇంకా ఆన్ అవుతుంటే, అక్షరాలున్న బొమ్మలను అక్కడే తెరిచి, ప్రింటు తీసి స్కాన్ చేయించుకోండి. మిగతావాటిని పీఎన్‌జీలుగా మార్చి, పాత ఫైళ్లను కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి.