బీడీఎస్ చదివి ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే బీడీఎస్ ఇంటర్న్‌షిప్ పూర్తిచేసింది. హైదరాబాద్‌లో ఒక టీపీఏలో (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) మెడికల్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిందంటోంది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలట. ఐదేళ్లు డెంటల్ చదివించి ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చోబెట్టడం మాకు మింగుడు పడటం లేదు. ఈ లైన్‌లోనే ఉంటానంటే అమెరికాలో గెయిల్ బూడ్రో గారిలా పెద్ద హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీకి సీఈఓ అయ్యి, వేరే కంపెనీల బోర్డుల్లో కూడా డైరెక్టర్‌గా కూర్చునే స్థాయికి వెళ్లాలి. అందుకు అమెరికాలో ఎంహెచ్‌ఏ (ఆసుపత్రులు, ఆరోగ్య సంస్థల నిర్వహణలో మాస్టర్స్) మంచిదా, ఇక్కడ హెల్త్‌కేర్ ఎంబీఏ మంచిదా, యాక్చువరీ (బీమా రిస్కు, ప్రీమియం లెక్కలు కట్టే వృత్తి) మంచిదా? పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడు కోర్సుల గురించి అడిగినట్టు అనిపించింది. రెండోసారి చదివితే అసలు సంగతంతా ఆ 'మింగుడు పడటం లేదు' దగ్గరే ఉందని అర్థమైంది. మా అమ్మాయి డెంటిస్టు అని చుట్టాలకి చెప్పుకోవాలనుకున్నారు. ఇన్సూరెన్స్‌లో చేస్తోందంటే పాలసీ అమ్మడానికి వస్తుందేమోనని వాళ్లు తలుపేసుకుంటారని మీ దిగులు. ఈ దిగులున్న ఉత్తరాలు నాకు కొత్త కాదు. బీడీఎస్, బీహెచ్‌ఎంఎస్, ఫిజియోథెరపీ చదివిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇదే అడుగుతారు.

ముందు ఆ దిగులు తీరుస్తాను. మీ అమ్మాయి పాలసీలు అమ్మదు. ఆసుపత్రి నుంచి క్యాష్‌లెస్ రిక్వెస్ట్ వస్తే కేస్ షీటు, రిపోర్టులు చదివి, ఈ రోగానికి ఈ చికిత్స అవసరమా, ఖర్చు సబబుగా ఉందా, పాలసీలో వర్తిస్తుందా అని తేలుస్తుంది. ఇది వైద్యం తెలిసినవాళ్లు చేయాల్సిన పని. 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్ మీద గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ బిల్లుకి మూడు గంటల్లోపు అనుమతి ఇవ్వాలి. క్లెయిమ్ తిరస్కరించాలంటే రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి. గడియారం పెట్టుకుని తీసుకునే ఈ నిర్ణయాలు ఇంకొకరి ఇంట్లో మూడు నాలుగు లక్షల రూపాయల సంగతి. అలాంటి కుర్చీని మీరు 'ఆఫీసులో కూర్చోబెట్టడం' అంటున్నారు.

ఇక మీరు చెప్పిన గెయిల్ బూడ్రో గారి సంగతి. ఆవిడ డార్ట్‌మత్ కాలేజీలో చదివింది సైకాలజీ. బాస్కెట్‌బాల్ బాగా ఆడేవారు. తర్వాత ఏట్నా అనే ఇన్సూరెన్స్ కంపెనీలో చేరి దాదాపు ఇరవై ఏళ్లు అక్కడే పనిచేశారు. ఎంబీఏ ఉద్యోగంలో చేరాక చేశారు. మరో రెండు మూడు పెద్ద బాధ్యతల తర్వాత 2017లో ఆంథమ్‌కి సీఈఓ అయ్యారు. ఇప్పుడు దాన్నే ఎలివెన్స్ హెల్త్ అంటున్నారు. మీరు చూసింది ముప్పై అయిదేళ్ల తర్వాత తీసిన ఫోటో. అందులో మొదటి పదేళ్లు ఎవరూ ఫోటో తీయరు, కాబట్టి మీకు కనబడలేదు.

మన దగ్గరా అంతే. ప్రభుత్వ రంగంలోని యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కి ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్‌గా చేసిన వి. జగన్నాథన్ గారు 2006లో చెన్నైలో స్టార్ హెల్త్ మొదలుపెట్టారు. దేశంలో కేవలం ఆరోగ్య బీమా కోసమే పెట్టిన మొదటి కంపెనీ అది. తర్వాత దానికి మేనేజింగ్ డైరెక్టర్ అయిన ఎస్. ప్రకాశ్ గారు స్వయానా డాక్టరు. అంటే ఆరోగ్య బీమా ఒక్కటే చేసే కంపెనీల వయసు మన దేశంలో ఇరవై ఏళ్లే. పై కుర్చీల్లోకి వచ్చే తరం ఇంకా తయారవుతూనే ఉంది.

డైరెక్టర్ పదవి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మీరు ప్రమోషన్ అనుకుంటున్నారు. బయటి నుంచి వచ్చి బోర్డులో కూర్చునే స్వతంత్ర (ఇండిపెండెంట్) డైరెక్టర్లకి నెల జీతం ఉండదు. కంపెనీల చట్టం ప్రకారం ఒక్కో సమావేశానికి ఇచ్చే సిట్టింగ్ ఫీజు లక్ష రూపాయలు దాటకూడదు. లాభాల్లో కొంత కమిషన్ ఇవ్వొచ్చు గానీ షేర్ ఆప్షన్లు ఇవ్వకూడదు. అయిదేళ్ల చొప్పున వరసగా రెండుసార్లే ఉండొచ్చు. బాధ్యత మాత్రం మెడకు చుట్టుకుంటుంది. సత్యం కంప్యూటర్స్ గుర్తుందిగా? 2008 డిసెంబర్ 16న, ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకి ఆ బోర్డు ఒప్పుకుంది. ఆ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లూ ఉన్నారు. వాటాదారులు గోల చేయడంతో ఆ కొనుగోలు వెంటనే రద్దయింది, మూడు వారాలకి లెక్కలన్నీ తప్పని ఒప్పుకుంటూ రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల కాగితం చూసి 'ఇది తేడాగా ఉంది' అనగలిగే కన్ను లేకపోతే ఎంత చదువున్నా ఆ కుర్చీలో ఉపయోగం లేదు. మీ అమ్మాయి రేపటి నుంచి రోజూ చేయబోయేది ఆ కంటికి సాధనే. ఇండిపెండెంట్ డైరెక్టర్ల డేటాబ్యాంక్ పరీక్ష ఒకటుంది, తప్పితే మళ్లీ మళ్లీ రాయొచ్చు. దానికి కోచింగ్ ఇచ్చి 'బోర్డు సీటు' ఇప్పిస్తామనేవాళ్లకి మాత్రం డబ్బు కట్టకండి.

పోలిక అడిగారు కదా. యాక్చువరీ గొప్ప వృత్తే. కానీ మీ అమ్మాయి బైపీసీ పిల్ల, లెక్కలు, స్టాటిస్టిక్స్ మొదటి నుంచి పట్టుకోవాలి, పేపర్లన్నీ పూర్తయ్యేసరికి పదేళ్లు పట్టినవాళ్లున్నారు. తనకి లెక్కల పిచ్చి ఉంటే తప్ప వద్దు.

హెల్త్‌కేర్ ఎంబీఏ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. బ్రోషర్లలో 'హాస్పిటల్ లీడర్‌షిప్' అని ఉంటుంది. రెండేళ్ల తర్వాత పిల్లలు ఎక్కువగా కనిపించేది ఆసుపత్రి కింది అంతస్తులో ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర, ఇవాళ మీ అమ్మాయికి ఉద్యోగం ఇస్తున్నవాళ్లకే ఫైళ్లు పంపుతూ! అప్పు చేసి కౌంటర్‌కి అటువైపు వెళ్లడం ఎందుకు? అదే అయిదారేళ్లు పనిచేశాక, తన డబ్బుతో, మంచి సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ చేస్తే దానికి విలువుంటుంది. అప్పటికి క్లాసులో అడగడానికి తన దగ్గర ప్రశ్నలుంటాయి.

అమెరికా ఎంహెచ్‌ఏ అయితే మరీ. అక్కడ నేర్పేది మెడికేర్, మెడికెయిడ్ అనే అక్కడి ప్రభుత్వ బీమా పథకాలు, ఉద్యోగం ద్వారా వచ్చే బీమా. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు, రూమ్ రెంట్ పరిమితులు, షుగర్ సంగతి దాచిన పాలసీదారులు ఆ సిలబస్‌లో ఉండరు. తిరిగొస్తే సగం పనికిరాదు. అక్కడే ఉండిపోదామంటే, ఉద్యోగ వీసా హెచ్-1బి రూల్స్ ఎప్పుడెలా మారతాయో తెలియదు; 2025 సెప్టెంబర్‌లో అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, సంగతి మీకూ తెలుసు. ఇంటిమీద లోన్ తీసుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

కొంచెం కటువుగా ఒక మాట. అంత పొడుగు ఉత్తరంలో అమ్మాయికి ఏమిష్టమో ఒక్క వాక్యం లేదు. ఉద్యోగం 'వచ్చింది' అనడానికి కూడా మనసొప్పక 'వచ్చిందంటోంది' అన్నారు. ఇంటర్వ్యూకి వెళ్లింది, గెలిచింది, చేరే తేదీ తెచ్చుకుంది. పాతికేళ్లైనా లేని పిల్ల మీద సీఈఓ బరువు, బోర్డు బరువు పెడుతున్నారు. ఆ టెన్షన్ మీది, తనది కాదు.

అయితే ఆ ఉద్యోగం పూలబాట అని నేననను. మొదట్లో జీతం చిన్నది. రోజుకి ఇన్ని ఫైళ్లని టార్గెట్ ఉంటుంది, రాత్రి షిఫ్టులుంటాయి. అదే సీట్లో ఎనిమిదేళ్లు ఉండిపోయిన డాక్టర్లు నాకు తెలుసు. వాళ్లు చేసిన తప్పల్లా ఫైలు దాటి చూడకపోవడం. రెండు మూడేళ్లయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీలోకే మారి అండర్‌రైటింగ్ (ఎవరికి ఏ షరతులతో పాలసీ ఇవ్వాలో తేల్చే పని), ఆసుపత్రులతో రేట్ల బేరాలు, మోసాల పరిశోధన, ఇలా డెస్కులు మారాలి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వారి లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ పరీక్షలు ఉద్యోగం చేస్తూనే రాసుకోవచ్చు, ఖర్చూ తక్కువే. డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం వదులుకోవద్దనండి. ఏడాది తిరిగాక నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

ఒకటో తారీఖులోపు మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఆఫర్ లెటర్‌లో బాండ్ (ఇన్నాళ్లు మానకూడదనే ఒప్పందం) ఉందా, ఎన్నాళ్లు, నోటీస్ పీరియడ్ ఎంత, నైట్ షిఫ్టుకి క్యాబ్ ఇస్తారా, అమ్మాయీ మీరూ కలిసి చదవండి. ఏడాదికి మించి బాండ్ ఉంటే సంతకం చేసేముందు నాకు మళ్లీ రాయండి. ఈసారి ఆ ఉత్తరం అమ్మాయినే రాయనివ్వండి.