డ్యూక్ 390 క్లచ్ మార్చాలి: ఒరిజినల్ ప్లేట్లా, రేసింగ్ కిట్టా?

మీ బండి 2017 తర్వాత వచ్చిన 373 సీసీ కేటీఎం డ్యూక్ 390. ఐదో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఆర్‌పీఎం లేస్తోంది గానీ స్పీడు పెరగడం లేదు, అంటే క్లచ్ జారుతోంది. మెకానిక్ క్లచ్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటున్నాడు. ఫ్రెండ్సేమో కెవ్లార్ ప్లేట్లు, గట్టి స్ప్రింగులు వేయించమంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నన్నడిగితే ఇద్దరి మాటా వద్దు. ఒరిజినల్ ఫ్రిక్షన్ ప్లేట్ల (రాపిడితో పట్టు ఇచ్చే పూత ఉన్నవి) సెట్టు కొనండి. వాటి మధ్యలో ఉండే స్టీల్ ప్లేట్లు, వాటన్నిటినీ నొక్కి ఉంచే స్ప్రింగులు కొలిచి చూశాక అవసరమైతేనే. నాదీ ఇదే మోడల్. రోజూ పంజాగుట్ట, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకుతుంది, వీలున్నప్పుడు శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంది. ప్లేట్లు మార్చాక రెండు చోట్లా నాకు ఇబ్బంది రాలేదు.

కానీ డబ్బు తీసే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి కేబుల్. లివర్ దగ్గర 1 నుంచి 3 మిల్లీమీటర్ల ప్లే, అంటే ఖాళీ కదలిక, ఉండాలి. కేబుల్ బిగుసుకుపోయి ఉంటే మీరు లివర్ ముట్టుకోకపోయినా క్లచ్ కొద్దిగా నొక్కినట్టే ఉంటుంది. కొత్త ప్లేట్లు వేసినా జారుతుంది. రెండోది ఆయిల్. ఈ బండిలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. కారు ఆయిల్ పోస్తే అందులో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి, అవి ప్లేట్ల పట్టునే తినేస్తాయి. డబ్బా మీద జాసో (బైక్ ఆయిల్‌కి జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది గేర్‌లెస్ స్కూటర్లకు. నాకు తెలిసిన ఒకరి బండికి సర్వీసులో పొరపాటున కారు ఆయిల్ పోశారు. వారం తిరక్కుండానే జారడం మొదలైంది. ఆయిల్ మార్చాక చాలావరకు సర్దుకుంది గానీ, ఎక్కువ రోజులు అలాగే నడిపి ఉంటే ప్లేట్లు కాలిపోయేవి.

ఇక గట్టి స్ప్రింగుల సంగతి. క్లచ్ ఎంత టార్క్ పట్టుకోగలదన్నది నాలుగింటి మీద ఉంటుంది: స్ప్రింగుల ఒత్తిడి, ప్లేట్ల రాపిడి గుణం, రాసుకునే ముఖాల సంఖ్య, ప్లేటు వ్యాసార్థం. డ్యూక్ ఇంజిన్ ఇచ్చేది 37 న్యూటన్ మీటర్లే గానీ, క్రాంక్ నుంచి క్లచ్‌కి వచ్చే గేర్ల పళ్లు 30:80 కాబట్టి క్లచ్ మీద పడేది దాదాపు 99. ఆ లెక్కంతా చూసుకునే కంపెనీ డిజైన్ చేసింది. పైగా ఇందులో ఉన్నది స్లిప్పర్ క్లచ్. లోపల వాలుగా చెక్కిన ర్యాంపులుంటాయి. యాక్సిలరేటర్ ఇస్తే అవి ప్లేట్లను ఇంకా బిగిస్తాయి, వేగంగా గేర్లు దించితే వదులు చేస్తాయి. అందుకే చిన్న స్ప్రింగులతో, వేలితో లాగగలిగే లివర్‌తో పని జరుగుతోంది. గట్టి స్ప్రింగులు వేశారంటే ట్రాఫిక్‌లో మణికట్టు నొప్పి ఒకవైపు, ఘాట్ దిగేటప్పుడు వెనక చక్రం ఎగరడం ఇంకోవైపు. స్లిప్పర్‌కి డబ్బిచ్చి కొన్నది ఎందుకో అప్పుడు నాకైతే అర్థం కాదు.

కెవ్లార్, అంటే అరామిడ్ పీచు ప్లేట్లు, చెడ్డవేం కాదు. వేడికి బాగా ఆగుతాయి, చాలాకాలం మన్నుతాయి. ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లు, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించినవాళ్లు వేసుకోవచ్చు. సింటర్డ్ మెటల్ (లోహపు పొడిని వేడిచేసి అచ్చుపోసిన) ప్లేట్లు మాత్రం డ్రాగ్ రేసు సరుకు. పట్టు ఒక్కసారిగా పడుతుంది, పక్కనున్న స్టీల్ ప్లేట్లను అరగదీస్తాయి. వీటిలో ఏది వేసినా బండి పవర్ పెరగదు. జారని క్లచ్ ఏదైనా ఇంజిన్ ఇచ్చిన 43.5 పీఎస్‌నే అందిస్తుంది, అంతకు మించి ఎక్కణ్నుంచి తెస్తుంది?

అసెంబ్లీ మార్చాలా వద్దా అన్నది కవర్ విప్పితేనే తేలుతుంది. దగ్గరుండి విప్పించండి. ఫ్రిక్షన్ ప్లేట్ల మందం వెర్నియర్‌తో కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని పరిమితితో పోల్చాలి. స్టీల్ ప్లేటును అద్దం మీద పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చితే వంకర తెలిసిపోతుంది. నీలిరంగు మచ్చలుంటే వేడికి దెబ్బతిన్నట్టే, మార్చేయాలి. స్ప్రింగుల పొడవూ కొలవాలి. ఆ తర్వాత బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే గిన్నె లాంటి భాగం) వేళ్ల మీద గోరు పెట్టి గీయండి. ప్లేట్ల చెవులు కొట్టుకొని గాట్లు పడి ఉంటే ప్లేట్లు అక్కడ చిక్కుకుంటాయి, క్లచ్ పూర్తిగా విడవదు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు. చిన్న గాట్లయితే సన్నటి ఆకురాయితో సాపు చేయొచ్చు. లోతుగా ఉంటే అప్పుడు బాస్కెట్ కొనాలి, అప్పుడు కూడా అసెంబ్లీ మొత్తం కాదు.

కొనేది రాణిగంజ్‌లోనైనా ఆన్‌లైన్‌లోనైనా ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ తీసుకోండి. 2023లో వచ్చిన 399 సీసీ డ్యూక్ ఇంజినే వేరు, రెండింటి పేరూ 390 కావడంతో షాపుల్లో కలిసిపోతుంటాయి. మందం తేడా ఉన్న డూప్లికేట్ ప్లేట్లు కూడా ఒరిజినల్ డబ్బాలోనే అమ్ముతారు. ధర మరీ తక్కువైతే వదిలేయండి. క్లచ్ కవర్ ప్యాకింగ్ (గాస్కెట్) కూడా అప్పుడే కొనేయండి, లేదంటే పాతది చిరిగి బండి మెకానిక్ షెడ్డులోనే ఉండిపోతుంది.

బిగించే ముందు కొత్త ప్లేట్లను కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా, అదే ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టించండి. పొడిగా వేస్తే మొదట్లోనే మాడే ప్రమాదం ఉంది. స్ప్రింగు బోల్టులు అల్యూమినియంలోకి వెళ్తాయి కాబట్టి టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు క్లచ్ వదిలి దూకించడాలు పెట్టుకోకండి. ఈలోగా కేబుల్ ప్లే మారుతుంది, మళ్లీ ఒకసారి సరిచేయించండి.