ఆ కంకరంతా ఎవరు కొట్టారు?

(రోడ్డు పనుల్లో సూపర్‌వైజర్‌గా మొదలై ఇంజినీరుగా రిటైరైన మా శీర్షిక రచయిత, పాత రోజుల రోడ్డు కూలీల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: రాళ్లు నలిపే క్రషర్ యంత్రాలు రాకముందు నగరాల రోడ్లకు కావలసిన కంకరంతా చేత్తోనే కొట్టేవారా? నమ్మబుద్ధి కావడం లేదు. – ఒక పాఠకుడు

జవాబు: చేత్తోనేనండీ. పైగా అసలు పనే అది. కంకర రోడ్ల పద్ధతికి పేరుపడిన స్కాట్లండు ఇంజినీరు మెకాడమ్ పేరు సివిల్ ఇంజినీరింగ్ చదివిన వాళ్లందరికీ తెలుసు. 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంత రోడ్లకు సర్వేయరయ్యాడు. కింద పెద్ద బండలు పరవక్కర్లేదు, అంచులున్న చిన్న రాళ్లు చాలు, బండ్లు నడిచేకొద్దీ అవే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బిగుస్తాయి అన్నాడు. ఒక్కో రాయి ఆరు ఔన్సులు, అంటే దాదాపు 170 గ్రాములు, దాటకూడదు. పని చూసేవాడు త్రాసు వెంట పెట్టుకుని తూచి చూడాలి. గుండ్రటి గులకరాళ్లు వేస్తే చక్రం కింద దొర్లిపోతాయి కాబట్టి వాటినీ పగలగొట్టాల్సిందే. నా లెక్కలో ఆ పద్ధతిలో సగం ఇంజినీరింగ్, మిగతా సగం సుత్తి. పుస్తకాల్లో మొదటి సగమే కనిపిస్తుంది.

అంతకుముందు కూలీ నిలబడి పెద్ద సమ్మెటతో కొట్టేవాడు. కూర్చుని చిన్న సుత్తితో కొడితే ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కూడా చేయగలరన్నది మెకాడమ్ వాదన. వినడానికి దయలాగే ఉంటుంది. ఆడవాళ్లకూ పిల్లలకూ తక్కువ కూలి ఇస్తే సరిపోతుందన్న సంగతి మాత్రం కాంట్రాక్టర్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేత్తో కంకర కొట్టేవాళ్లు ఇంకా ఉండేవారు. ఒక పెద్ద రాయిని దిమ్మలా ముందు పెట్టుకుని, దాని మీద చిన్న రాయిని ఎడమచేత్తో ఆనించి కుడిచేత్తో కొట్టేవారు. కొందరు పాత టైరు ముక్కను రింగులా వంచి రాయి చుట్టూ పెట్టేవారు. ముక్కలు చెదిరిపోవు, వేళ్లూ సుత్తికి కాస్త దూరంగా ఉంటాయి. అయినా ఎడమచేతి గోళ్లు నల్లబడని మనిషి నాకు కనిపించలేదు. పెచ్చు ఎగిరి కంట్లో పడితే చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ సుత్తి పట్టడమే. కళ్లద్దాల ఊసే లేదు. గ్రానైటు దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, దాన్నే సిలికోసిస్ అంటారు. దగ్గు వస్తే చలికాలం అనుకునేవారు.

అనుభవమున్న మనిషి రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పి, పొర ఎటు ఉందో చూసి, ఒక్క దెబ్బకి రెండు చేసేది. పక్కన కూర్చున్న కొత్తమ్మాయి అదే రాయిని పది దెబ్బలు కొట్టినా పిండే రాలేది. కూలి రోజు లెక్కన కాదు, కుప్ప కొలిచి ఇచ్చేవారు కాబట్టి ఆ తేడా నేరుగా కడుపు మీద పడేది. ఇంత పనితనాన్నీ మేం మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, ‘అన్‌స్కిల్డ్’ (నైపుణ్యం అక్కర్లేని పని) అనే రాసేవాళ్లం.

ప్రశ్న: మరి రాళ్లు కొట్టే యంత్రం ఎప్పుడొచ్చింది? వచ్చాక ఈ పని ఆగిందా? – ఒక విద్యార్థిని

జవాబు: అమెరికాలోని న్యూహేవెన్‌లో ఎలై విట్నీ బ్లేక్ అనే ఆయనకు 1850ల మొదట్లో ఒక కంకర రోడ్డు వేయించే బాధ్యత అప్పగించారు. రాళ్లు కొట్టడానికే ఎంత శ్రమ పడుతుందో చూసి కొన్నేళ్లు ఆలోచించి, రెండు ఇనప దవడల మధ్య రాయిని నలిపే యంత్రానికి 1858లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి జా క్రషర్ దాని సంతతే.

పని మాత్రం ఆగలేదమ్మా. యంత్రానికి డబ్బు కావాలి, మనుషులు చవగ్గా దొరుకుతారు. ఇంగ్లండులో దిక్కులేని వాళ్లు ఒక రాత్రి తలదాచుకునే వర్క్‌హౌసుల్లో, తిండికీ పడకకీ బదులుగా రాళ్లు కొట్టించేవారు. కొన్నిచోట్ల గది గోడకి ఇనప జాలీ ఉండేది. కొట్టిన రాయి ఆ కన్నంలోంచి అవతలికి పడాలి, పట్టకపోతే మళ్లీ కొట్టాలి. జైళ్లలోనూ ఇదే పని. శిక్షగా వేసే పనికి క్రషర్ కొంటారా ఎవరైనా?

ప్రశ్న: రాతి దిమ్మెలు పరిచిన పాత వీధులు ఇప్పటికీ చెక్కుచెదరవెందుకు? – ఒక పాఠకురాలు

జవాబు: దిమ్మిస (రాళ్లను నేలలోకి దిగగొట్టే బరువైన పనిముట్టు) దెబ్బ వల్ల. ఇసుక మీద దిమ్మెలు పేర్చాక, ఇరవై కిలోలు దాటిన దిమ్మిసను రెండు చేతులతో ఎత్తి ఒక్కో రాయి మీదా వేసేవారు. లోపలికి దిగిన దాన్ని పీకి, కింద ఇసుక సర్ది, మళ్లీ కొట్టాలి. నడుము సంగతి అడక్కండి.

ప్రశ్న: మా తాత తారు పనికి వెళ్లేవాడు. తారు చేతి మీద పడితే కిరోసిన్‌తో తుడుచుకునేవాడట. అది మంచిదేనా? – ఒక పాఠకుడు

జవాబు: కాదు. కానీ అప్పట్లో అందరూ అదే చేసేవారు. డ్రమ్ము కింద కట్టెలు ఎగదోసి తారు కాచేవారు. రోడ్డు మీద పోసేటప్పటికి వేడి 150 డిగ్రీల పైమాటే. నేను చూసినంతలో కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని, పైన టైరు చెప్పులు కట్టుకుని, కన్నాలు పొడిచిన డబ్బాలతో మోసి పోసేవారు. గోనె తడిపితే కాసేపు ఓర్చుకోవచ్చు, ఆరిందంటే అదీ వేడెక్కుతుంది. పొగకి కళ్లు ఎర్రగా ఉండేవి. పాత రోజుల్లో బొగ్గు నుంచి తీసిన తారు వాడేవారు, అది చర్మ క్యాన్సర్ తెచ్చే రకం. తర్వాత పెట్రోలియం నుంచి వచ్చే బిటుమెన్ దాని స్థానంలోకి వచ్చింది.

తారు మీద పడితే వెంటనే చల్లటి నీళ్లు కనీసం ఇరవై నిమిషాలు పోయాలి. గట్టిపడిన తారును పీకకూడదు, చర్మం దాంతోపాటే ఊడి వస్తుంది. కిరోసిన్ వద్దు, కాలిన చోటుని ఇంకా మండిస్తుంది. అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకెళితే వాళ్లే మెత్తబరిచి తీస్తారు.