ఆయిల్ పైపు పొలంలో పగిలితే

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లెటూరండి, చైన్ల మీద నడిచే వరికోత మిషన్ దాళ్వా (రెండో పంట) కోతలకి తిప్పుతున్నాను. మొన్న కోస్తుండగా హెడ్ (ముందుండే కోత భాగం) ఎత్తే ఆయిల్ పైపు పేలిపోయి హెడ్ దబ్బున కింద పడింది, పైన చూస్తే మబ్బు, రైతు ఒకటే కంగారు. డ్రైవరు సైకిల్ ట్యూబు చుట్టి రెండు క్లాంపులు బిగించి ఎమ్‌సీల్ పెట్టాడు, హెడ్ ఎత్తగానే మళ్లీ చిమ్మేసింది. ఇలాంటప్పుడు ఆ పూట గట్టెక్కించే రిపేరు ఏదైనా ఉందా సార్?
– కోత మిషన్ యజమాని

జవాబు: ఉందండి. కాకపోతే పైన చుట్టే రిపేరు ఏదీ ప్రెషర్ పైపు మీద నిలబడదు. ఆ పైపుని అడ్డంగా కోసి చూడండి, లోపల ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు, దాని మీద అల్లిన ఉక్కు వైరు ఒక వరసో రెండు వరసలో, పైన ఇంకో రబ్బరు కనిపిస్తాయి. ప్రెషర్ ఆపేదంతా ఆ వైరు అల్లికే, పై రబ్బరు పని దానికి తుప్పు పట్టకుండా, రాపిడి తగలకుండా కాయటం వరకే. అర అంగుళం పైపు మీద 2ఎస్ఎన్ అని రాసుంటే రెండు వరసల వైరని, అది 275 బార్ దాకా పనిచేస్తుందని అర్థం, 1ఎస్ఎన్ అయితే 160 బారే. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద దగ్గర దగ్గర ఒక కిలో తోపు, కారు టైరులో ఉండే గాలి రెండు బార్‌కి కాస్త అటూ ఇటూ. వైరే తెగిపోయిన చోట ఇక ట్యూబు ఏం ఆపుద్ది చెప్పండి. పైగా ఆయిల్ తడి ఉన్న రబ్బరుని ఎమ్‌సీల్ పట్టుకోదు, క్లాంపు బిగించేకొద్దీ మిగిలిన వైర్లు కూడా నలిగి తెగుతాయి.

ట్యూబు చుట్టటం పనికొచ్చే సందర్భం ఒక్కటుంది, పై రబ్బరు మాత్రమే గీసుకుపోయి వైరు ఒక్కటీ తెగకుండా ఉన్నప్పుడు. మన కోనసీమ వైపు సముద్రం దగ్గర ఉప్పుగాలికి బయటపడ్డ వైరు తొందరగా తుప్పు పడుద్ది కాబట్టి కొత్త పైపు వచ్చేదాకా అలా కప్పి ఉంచటం మంచిదే.

ఇక పగిలిన పైపు సంగతి. ముందు హెడ్ కింద గట్టి మొద్దు పెట్టండి, సేఫ్టీ లాక్ ఉంటే అదీ వెయ్యండి, బురదలో దిగిపోయి ఉంటే చైన్ బ్లాక్‌తో ఎత్తి మొద్దు దూర్చండి, ఉత్త జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు. ఇంజన్ ఆపి లీవర్లన్నీ అటూ ఇటూ పూర్తిగా నాలుగైదు సార్లు కదపండి, ఆయిల్ ట్యాంకు మూత నిదానంగా తిప్పి గాలి వదలండి, ఇవన్నీ అయ్యాకే స్పానర్ పట్టుకోవాలి, ఇంజన్ ఆపేశాం కదా అనుకుంటే కుదరదు, పైపుల్లో ప్రెషర్ అలాగే నిలబడి ఉంటుంది.

తర్వాత అన్నిటికంటే తేలికైన దారి అదే మిషన్ మీద అంత అవసరం లేని ఇంకో పైపు పీకి ఇక్కడ వాడుకోవటం, సైజు, చివర్ల చూడీలు (మరలు), పొడవు సరిపోయి వైరు వరసలు తక్కువ కాకుండా ఉంటే చాలు. అలా పీకిన చోట రెండు వైపులా ప్లగ్గులు బిగించి ఆ లీవరు ఎవరూ ముట్టుకోకుండా కట్టేయాలి. పగిలింది రీలు (పైరుని హెడ్ లోకి లాగే చక్రం) ఎత్తే పైపే అయితే దాన్నే ప్లగ్ చేసేసి రీలుని కావలసిన ఎత్తులో గట్టిగా కట్టుకుని పొలం ముగించుకోవచ్చు. కానీ పంపు నించి వాల్వుకి వచ్చే పైపుకి, ట్యాంకుకి తిరిగెళ్లే పైపుకి మాత్రం ప్లగ్గు పెట్టకండి, స్టార్ట్ చేసిన క్షణంలో పంపో ఇంకోటో పోద్ది.

రెండో దారి కోసి అతకటం. దీనికి క్రింపింగ్ మిషన్ (ఫిట్టింగుని పైపు మీద నొక్కి బిగించేది) అక్కర్లేకుండా చేత్తో బిగించే ఫిట్టింగులు దొరుకుతాయి, పైపు మీదకి ఎక్కే సాకెట్టు ఒకటి, పైపు లోపలికి దూరే నిప్పుల్ ఒకటి, ఇవి రెండు చివర్లకి రెండు జతలు, మధ్యలో కలిపే యూనియన్. పైపు ఎన్ని వరసలదో, ఏ సైజో చెప్పి దానికి సరిపడేవి కొని టూల్ బాక్సులో పెట్టుకోవాలి, పగిలాక వెతికితే దొరకవు. పగిలిన ముక్కని తీసేసి పైపుని వంకర లేకుండా సరిగ్గా అడ్డంగా కొయ్యండి, కటింగ్ వీల్‌తో కోస్తే రబ్బరు పొడి, వైరు పొడి లోపలికి పడతాయి, కిరోసిన్ పోసి గాలి కొట్టి శుభ్రంగా కడగండి, ఆ పొడే తర్వాత వాల్వుని నమిలేది. కొన్ని రకాలకి సాకెట్టు పొడవు మేర పై రబ్బరు చెక్కాలి, అక్కడ వైరుకి కత్తి గాటు పడిందా ఆ ముక్క పనికిరాదు. సాకెట్టుని వైస్‌లో పట్టి పైపుని ఎడమ వైపుకి తిప్పుతూ అడుగు తగిలేదాకా ఎక్కించి పావు చుట్టు వెనక్కి తియ్యండి, నిప్పుల్‌కి ఆయిల్ బాగా పూసి ఈసారి కుడి వైపుకి బిగించండి. పొక్లెయిన్‌లో ఉండే నాలుగు వరసల పైపుల మీద మాత్రం ఈ సరంజామా వాడొద్దు, అక్కడ 300 బార్ పైనే ఉంటుంది, క్రింపింగ్ చేసిన పైపే కావాలి.

అతుకు ఎప్పుడూ తిన్నగా ఉన్న చోటే రావాలండి, వంపులో వస్తే పక్కనే మళ్లీ విరుగుద్ది. కోసింది పోగా పొడవు సరిపోతుందా లేదా హెడ్ పూర్తిగా ఎత్తిన స్థితి ఊహించి చూసుకోండి, ప్రెషర్ ఎక్కినప్పుడు పైపు కాస్త పొట్టి అవుద్ది. ఇంకోటి, పైపు పొడవునా ఒక గీతలా అక్షరాలు అచ్చేసి ఉంటాయి చూశారా, బిగించాక ఆ గీత తిన్నగా ఉండాలి, మెలి తిరిగి కనిపిస్తే నట్టు బిగించేటప్పుడు పైపు కూడా తిరిగిందన్నమాట, వదులు చేసి రెండో స్పానర్‌తో పైపు వైపు పట్టుకుని మళ్లీ బిగించండి.

పాత ఆయిల్ ఏ గ్రేడో అదే పోసి, ఇంజన్ నిదానం మీద పెట్టి హెడ్‌ని మెల్లగా ఎత్తుతూ దించుతూ గాలి పోనివ్వండి, ఆ కాసేపు మనుషుల్ని దూరం పంపండి. పనిలో పనిగా కారిన ఆయిల్ మీద ఊక గాని పొడి మట్టి గాని చల్లి గోనెలోకి ఎత్తండి, మన డెల్టాలో బోదె నించి కాలవకి, కాలవ నించి ఊరి మంచినీళ్ల చెరువుకి నీళ్లు వెళ్లే చోట్లు చాలా ఉన్నాయి, ఈ విషయంలో నేను ఎంత చెప్పినా తక్కువే. ఇలా అతికిన పైపు ఆ పొలం పూర్తయ్యేదాకా, మహా అయితే ఆ కోత ముగిసేదాకా, ఆ తర్వాత కొత్తది వేయించండి. అసలు హెడ్ పైపు, స్టీరింగ్ పైపు రెండూ సీజన్‌కి ముందే ఒక్కోటి అదనంగా కట్టించి బండిలో ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు, షాపుకి పాత పైపుని రెండు చివర్లతో సహా పట్టుకెళ్లండి, చూడీలు కంటికి ఒకేలా కనిపించినా బీఎస్‌పీ (అంగుళాల లెక్క), మెట్రిక్ (మిల్లీమీటర్ల లెక్క) రెండూ ఒకదానికొకటి పట్టవు, రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే బలవంతం చెయ్యకండి.

ప్రశ్న: ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులు తవ్వే పొక్లెయిన్ మీద హెల్పర్‌ని. పైపు ఎక్కడ కారుతుందో చేత్తో తడిమి చూస్తుంటే వేలికి సూది గుచ్చినట్టయ్యింది, రక్తం రాలేదు, నొప్పి కూడా పెద్దగా లేదు. వదిలెయ్యొచ్చా అన్నా?
– హెల్పర్ తమ్ముడు

జవాబు: తమ్ముడూ, వదలొద్దు. నీ ఉత్తరం నా చేతికొచ్చేసరికి ఎంత టైమ్ అయ్యిందో, అందుకే నీకు విడిగా కబురు చేశాను, ఇక్కడ రాసేది మిగతా అందరి కోసం. సన్న చిల్లు లోంచి వచ్చే ఆయిల్ కంటికి సరిగా కనపడదు, చర్మం లోకి దూరి కండరాల మధ్య పాకిపోద్ది, పైకి చిన్న చుక్క గాయమే, మొదట్లో నొప్పి ఉండదు, కొన్ని గంటల్లో వేలు వాచి నల్లబడి ఆఖరికి తియ్యాల్సి వచ్చిన వాళ్లున్నారు. దీనికి ఆయింట్‌మెంట్ కట్టుకట్టడం, టీటీ ఇంజక్షన్‌తో సరిపెట్టుకోవటం కాదు, ఆపరేషన్ చేసి లోపలి ఆయిల్ కడగాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా తిన్నగా సర్జన్ ఉన్న పెద్ద హాస్పిటల్‌కి, కాకినాడో రాజమండ్రో ఏది దగ్గరైతే అది, అదే గంటలో బయల్దేరాలి. వెళ్లగానే "హై ప్రెషర్ ఆయిల్ చర్మంలోకి దూరింది" అని ఆ మాటే చెప్పండి, ఆయిల్ డబ్బా లేబుల్ ఫోటో చూపించండి, లేకపోతే చిన్న గాయమే కదా అని వరసలో కూర్చోబెడతారు.

లీకు వెతకాలంటే పొడవాటి అట్టముక్క గాని చెక్క గాని పైపు వెంబడి జరపండి, ఆయిల్ మచ్చ ఎక్కడ పడితే అక్కడే చిల్లు. కళ్లద్దాలు పెట్టుకోండి, గ్లవ్స్ ఉన్నాయి కదా అని చెయ్యి పెట్టకండి, ఆ ప్రెషర్‌కి గ్లవ్ అడ్డం కాదు.

ప్రశ్న: తణుకు. ట్రాక్టర్ హైడ్రాలిక్ ట్రక్కుకి ట్యాంకు దగ్గర లావు పైపు చెమ్మగిల్లుతుంది. దానికీ క్లాంపు పనికిరాదా?
– ట్రాక్టర్ డ్రైవర్

జవాబు: ట్యాంకుకి తిరిగొచ్చే పైపైతే పనికొస్తుంది, అక్కడ ప్రెషర్ చాలా తక్కువ. చివర కొంచెం కోసి కొత్త అంచు మీద మంచి క్లాంపు వెయ్యండి, సరిపోద్ది. అదే ట్యాంకు నించి పంపుకి వెళ్లే పైపైతే జాగ్రత్త, అక్కడ ఆయిల్ కారటం కంటే గాలి లోపలికి పీల్చటం పెద్ద ప్రమాదం, ట్యాంకులో నురగ వస్తున్నా పంపు గీపెడుతున్నా అదే కారణం, అలాగే నడిపితే పంపు అరిగిపోద్ది. ఆ పైపు గట్టిపడి పగుళ్లు వచ్చి ఉంటే క్లాంపు జోలికి పోకుండా మార్చెయ్యండి. ఏది చేసినా ట్రక్కు తొట్టి దించి చెయ్యండి, ఎత్తే చెయ్యాల్సి వస్తే ఇనుప ఊత పెట్టాకే కిందకి వెళ్లండి, తొట్టి ఎత్తే జాకీ పైపు వదులు చేసిన మరుక్షణం తొట్టి దిగిపోద్ది.