రాత్రి రెండింటి దాకా బీట్లు, పొద్దున తొమ్మిదికి కాల్: ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కొండాపూర్‌లో ఓ ఐటీ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. నిజాంపేటలో సొంత ఫ్లాటు, నెలకు 42 వేల ఈఎంఐ. ఆరేళ్లుగా ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యూజిక్ చేస్తున్నాను. రెండు షార్ట్ ఫిల్ములకు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ ఇచ్చాను. ఒకదానికి 6 వేలు ఇచ్చారు, రెండోది ఫ్రీ. ఆ డైరెక్టరేమో కార్లో వింటే బేస్ మరీ ఎక్కువైందన్నాడు. రోజూ పదిన్నరకు కూర్చుంటే లేచేసరికి రెండవుతోంది. పొద్దున తొమ్మిది గంటల కాల్‌లో కళ్లు మూతలు పడుతున్నాయి. పాప యూకేజీ. మా ఆవిడ స్కూల్ టీచర్. పెళ్లికి ముందు తనూ గాత్రం నేర్చుకుంది గానీ నా తపన తనకు అర్థం కావడం లేదు. ఖమ్మంలో ఉన్న నాన్న ‘రెండు పడవల మీద కాళ్లు పెట్టకు’ అంటారు. ఏడాది పాటు ఉద్యోగం మానేసి, మూడున్నర లక్షలు పెట్టి ఆడియో ఇంజినీరింగ్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: ముందు లెక్క చూద్దాం. మీకు డబ్బు తెచ్చిన పని ఇప్పటిదాకా ఒక్కటే, ఆరు వేలు. ఈఎంఐ ఒక్కటి కట్టాలన్నా నెలకు అలాంటివి ఏడు చేయాలి. పాప ఫీజు, పాలు, కరెంటు బిల్లు అందులో లేవు. రాజీనామా మాట ఇప్పటికి పక్కన పెట్టండి. సంగీతం మీద వచ్చే డబ్బు ఏడాది పాటు ప్రతి నెలా ఈఎంఐ దాటి, దానికి తోడు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్న రోజున మళ్లీ మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ముందు కంపెనీలో లాంగ్ లీవ్ ఇస్తారేమో అడగమంటాను.

కోర్సు కూడా ఇప్పుడే వద్దు. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టిన మనిషికి మొదటి కొన్ని నెలలు తెలిసిన పాఠాలే మళ్లీ చెబుతారు. మీకు లేనిది పని తెలిసినవాడి పక్కన కూర్చున్న అనుభవం. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ సందుల్లో చిన్న చిన్న స్టూడియోలున్నాయి. నెలకో రెండు శనివారాలు మధ్యాహ్నం పూట వచ్చి కూర్చుంటానని అడగండి. మొదట్లో టీలు తెప్పించమంటారు, కేబుళ్లు చుట్టమంటారు. (కేబుల్ చుట్టడం కూడా ఒక విద్యే. మోచేతికి వేసి తాడులా చుడితే లోపలి తీగ మెలిపడి కొన్నాళ్లకు తెగుతుంది. అది చూసే స్టూడియో వాళ్లు కొత్తవాణ్ని అంచనా వేస్తారు.) సింగర్‌కు హెడ్‌ఫోన్‌లో ఎంత ట్రాక్ వినిపించాలి, నాలుగో టేక్ తర్వాత ఏమని చెప్పి ఐదోది పాడించాలి... ఇవి చూస్తేనే వస్తాయి.

ఇక మీ బేస్ గొడవ. అది మీ చెవి లోపం కాదు, మీరు కూర్చునే వేళ లోపం. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు లేస్తారని సౌండ్ తగ్గించి వింటారు. సౌండ్ తగ్గేకొద్దీ మనిషి చెవికి కింది స్వరాలు పలచగా వినిపిస్తాయి. చాల్లేదనుకుని మీరు బేస్ పెంచుతారు. తెల్లారి కార్లో పెద్దగా పెట్టి విన్నవాడికి అది గుండెల్లో దంచుతుంది. పైగా నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ధ్వని 45 డెసిబెల్స్ దాటకూడదు, పగలు 55. అపార్టుమెంటులో స్పీకర్లు పెట్టి మిక్సింగ్ (గొంతు, వాద్యాల పాళ్లు సరిచూసే పని) చేసే వేళ రాత్రి కానే కాదు.

అందుకే రోజూ మూడున్నర గంటల నిద్ర పాడుచేసుకునే పద్ధతి మానేయండి. మంగళ, గురువారాలు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా హెడ్‌ఫోన్స్‌తో అయ్యే పనులు చేయండి: ట్యూను, అరేంజ్‌మెంటు, వోకల్ ఎడిటింగ్. మిక్సింగ్ శనివారం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, నిద్రపోయి లేచిన చెవులతో. వారానికి ఆరు గంటలే. ఇప్పుడు మీరు కూర్చునేదాంట్లో నాలుగో వంతు కన్నా కాస్త తక్కువ. చాలదంటారా? అయితే మీ హార్డ్ డిస్క్ తెరిచి చూడండి. పూర్తయిన పాటలెన్ని, ఎనిమిది బార్ల లూప్ (తిరిగి తిరిగి మోగే చిన్న ముక్క) దగ్గర ఆగిపోయినవెన్ని? మీరు రాయలేదు గానీ ఊహించగలను. టైమ్ దండిగా ఉన్నవాడు మరో కొత్త కిక్ డ్రమ్ శబ్దం వెతుక్కుంటాడు. తొమ్మిదిన్నరకు కుర్చీలోంచి లేవాల్సినవాడు పాట ముగిస్తాడు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం మీ ఆవిడ సంగతి. ‘తనూ గాత్రం నేర్చుకుంది గానీ’ అని అర వాక్యంలో దాటేశారు. ఆవిడ ఎందుకు మానేసిందో ఎప్పుడైనా అడిగారా? స్కూలు, వంట, పాప హోంవర్క్ అయ్యాక ఆవిడకు మిగిలే గంట ఏది? అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే ఆవిడ ముభావంగా ఉందేమో. ఆదివారం పొద్దున రెండు గంటలు ఆవిడవి. పాపను కాలనీ పార్కుకు తీసుకెళ్లడం, వచ్చి ఉప్మా చేయడం మీ వంతు. ఆ టైమ్‌లో సాధన చేసుకుంటుందో, దుప్పటి కప్పుకుని పడుకుంటుందో ఆవిడ ఇష్టం. ఒక హెచ్చరిక: మర్నాడే మైకు పట్టుకెళ్లి ‘నా ట్రాక్‌కి ఒక ఆలాపన పాడవా’ అనకండి. అది ఆవిడ టైమ్‌ని కూడా మీ పాటకు రాయించుకోవడం అవుతుంది. తానే పాడతానంటే చీరల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబెట్టి రికార్డ్ చేయండి. గది ప్రతిధ్వనిని బట్టలు పీల్చుకుంటాయి, గోడకు గుడ్ల అట్టలు అంటించడం కన్నా అదే నయం.

పని ఎక్కడ దొరుకుతుందంటే, సినిమా గడప దగ్గర పడిగాపులు కాయక్కర్లేదు. తెలంగాణ ఫోక్ పాటలకు యూట్యూబ్‌లో పెద్ద మార్కెట్ ఉంది. బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ అంటూ వరసగా సీజన్లు. బతుకమ్మ పాట పండగ వారంలో మొదలుపెడితే లాభం లేదు, రెండు నెలల ముందే చేతిలో ఉండాలి. తేదీ ముందే తెలిసిన పని ఉద్యోగస్తుడికి అనుకూలం. పాట విడుదల చేస్తే చాలు, స్ట్రీమింగ్ డబ్బులు వాటంతటవే వస్తాయనుకోకండి. 12 నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీములు రాని ట్రాక్‌కు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ లెక్కే కట్టడం లేదు.

రెండు కాగితాల సంగతి కూడా చూసుకోండి. మీ ఆఫర్ లెటర్‌లో బయటి పని గురించి ఏం రాశారో చదివి, అవసరమైతే హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో అనుమతి తీసుకోండి. 2022లో విప్రో 300 మందిని తీసేసింది పోటీ కంపెనీలకు పనిచేసినందుకు. సంగీతం ఆ కోవలోకి రాకపోవచ్చు, అయినా నోటిమాట మీద నడవొద్దు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఒక్క ప్రాజెక్టు ఫైలు కూడా పెట్టొద్దు. రెండోది, షార్ట్ ఫిల్మ్ వాళ్లు ‘సర్వ హక్కులూ మావే’ అని రాసిన కాగితం ఇస్తే చదవకుండా సంతకం చేయకండి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమా హాలు బయట వాడకానికి వచ్చే రాయల్టీలో స్వరకర్త వాటాను నిర్మాత రాయించుకోలేడు. ఆ వాటా వసూలు చేసి పెట్టే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో స్వరకర్తగా సభ్యత్వం తీసుకోండి.

నాన్నగారికి రాజీనామా చేయడం లేదని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఆయన భయంలో సగం అక్కడే పోతుంది. శనివారం పొద్దుటి మూడు గంటలు మాత్రం మీరొక్కరే ఖాయం చేసుకోకండి. ఆ రోజు ఆవిడకు స్కూలు ఉంటుందేమో, ముందు కనుక్కోండి.