ముందు చేతికి ఏం తగిలిందో రాయి

చిరంజీవి కిరణ్‌కి,

కథ అందింది. వచనం బాగుంది. కానీ మూడో పేజీ దగ్గర నాకు ఒళ్లు మండింది. 1940 ఆగస్టులో ఇంగ్లిష్ చానల్ మీద నీ జర్మన్ పైలట్ మెసర్‌స్మిట్ 109 యుద్ధవిమానాన్ని నిట్టనిలువునా దూకించి, విమానం నడిపే కడ్డీని, అదే స్టిక్‌ని, చిటికెన వేలితో తిప్పి బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌కి దొరక్కుండా పోయాడు!

ఆ విమానంలో స్టిక్‌కి హైడ్రాలిక్, అంటే నూనె ఒత్తిడి సాయం లేదు నాయనా. ఎయిలరాన్లని, అంటే విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క చివరి పలకల్ని, గాలికి ఎదురు నెట్టేది పైలట్ భుజబలమే. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. చేజిక్కిన 109ని బ్రిటిష్ వాళ్లు ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో ఎగరేసి చూశారు. గంటకు 640 కిలోమీటర్ల దగ్గర, శక్తంతా పెట్టి నెట్టినా ఎయిలరాన్లు కదిలింది ఐదో వంతే. 45 డిగ్రీలు ఒరగడానికి నాలుగు సెకన్లు పట్టింది. కాక్‌పిట్ మరీ ఇరుకు, మోచెయ్యి ఆడదు, పక్కకి 18 కిలోల బలం పెట్టడమే గగనం. రడ్డర్‌ని, అంటే తోక మీది చుక్కానిని, కావలసిన చోట నిలిపి ఉంచే ట్రిమ్ ఏర్పాటు పైలట్ చేతిలో లేదు కనక వేగం పెరిగితే ఎడమ పెడల్ తొక్కిపట్టే ఉండాలి.

వెనక తరిమే స్పిట్‌ఫైర్ కూడా ఆ వేగంలో ఇంచుమించు అంతే మొండికేసేది. గుడ్డ తొడిగిన ఎయిలరాన్లు ఉబ్బి బిగుసుకునేవి, రేకు తొడిగాక గానీ దారికి రాలేదు. దాని ఎలివేటర్, అంటే ముక్కుని ఎత్తి దించే తోక పలక, మాత్రం మహా తేలిక, కాస్త లాగితే ముక్కు లేస్తుంది. చూశావా, చంపేవాడూ చావబోయేవాడూ ఇద్దరూ ముందు తమ స్టిక్‌తోనే కుస్తీ పడుతున్నారు. అంత కథని నువ్వు చిటికెన వేలికి వదిలేశావు.

యంత్రం గురించి రాసేవాడు ముందు చేతికి ఏం తగిలిందో రాయాలి. ఆకాశం రంగు తర్వాత. పవర్ స్టీరింగ్ లేని లారీ డ్రైవర్ మీద కథ రాయడానికి నేను నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ మీదుగా క్యాబిన్‌లో కూర్చుని వెళ్లాను. మలుపు వచ్చినప్పుడల్లా అతను సీట్లోంచి సగం లేచి, రొమ్ము ఆనించి స్టీరింగ్ లాగేవాడు. ఒక వారపత్రిక ఎడిటర్ సరిగ్గా ఆ పేరానే కొట్టేసి, "పాఠకులకి యంత్రాలెందుకండీ, భార్య ఏడుపు పెంచండి" అన్నాడు. పెంచలేదు. కథ ఏళ్ల తరబడి సొరుగులో పడుంది. ఇప్పటికీ ఆ పేరా వల్లే అది కథ అంటాను.

కథల పోటీకి పంపే సంగతి తర్వాత చూద్దాం. జపాన్ జీరో యుద్ధవిమానం మీద కూడా రాస్తానన్నావు కదా. 1942లో అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల్లో దొరికిన జీరోని అమెరికన్లు బాగుచేసి ఎగరేస్తే, నెమ్మదిలో అంత చులాగ్గా తిరిగే విమానం 200 నాట్లు, అంటే గంటకు సుమారు 370 కిలోమీటర్ల వేగం దాటాక ఒరగడానికి మొరాయించింది. అది తెలిశాక దాన్ని వేగంలోకి లాగి కొట్టమని తమ పైలట్లకి చెప్పారు. ఆ కథ మొదలుపెట్టే ముందు మూడో పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు