చేతితో చేసిన కత్తులను హస్తకళల ప్రదర్శనలో ఎలా అమర్చాలి, ఎలా అమ్మాలి?

ఇరవై కత్తులతో మొదటిసారి హస్తకళల ప్రదర్శనలో బల్ల తీసుకున్నానని, వాటిని అద్దాల పెట్టెలో ఉంచాలో బయట పరచాలో తేలడం లేదని, ధర విషయం కూడా చెప్పమని మీరు అడిగారు. నేను పదకొండేళ్లుగా ఇటువంటి ప్రదర్శనల్లో కత్తులు అమ్ముతున్నాను. మీరు చెప్పిన రెండు పద్ధతులూ ప్రయత్నించి, రెండింటిలోనూ దెబ్బతిన్నవాణ్ణి.

మొదటి ప్రదర్శనలో భయంకొద్దీ కత్తులన్నిటినీ తాళం వేసిన అద్దాల పెట్టెలో పెట్టాను. జనం వంగి చూశారు, బాగున్నాయన్నారు, పక్క బల్లకు వెళ్ళిపోయారు. రెండు రోజుల్లో అమ్ముడుపోయినది ఒకే ఒక్క కత్తి. అది కూడా నేను పిడి తుడవడానికి పెట్టెలోంచి బయటకు తీసినప్పుడు ఒకాయన అడిగి పట్టుకుని చూసిన కత్తి. పిడి అరచేతిలో ఎలా కూర్చుంటుందో, బరువు ఎటు మొగ్గుతుందో తెలియనిదే ఎవరూ కత్తికి డబ్బు పెట్టరని అప్పుడు అర్థమైంది. అందుకని రెండవసారి అన్నీ బయట పరిచాను. నేను ఒకరితో మాటల్లో ఉండగా, బల్ల అంచు కళ్ళ దాకా వచ్చే ఎత్తున్న పిల్లవాడొకడు చెయ్యి చాపి అలుగునే, అంటే పదునున్న భాగాన్నే, పట్టుకోబోయాడు. ప్రమాదం తప్పింది గాని, ఆ మధ్యాహ్నమంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఈ రెండింటికీ మధ్యది. మామూలు మడత బల్ల సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని కాళ్ళకు గట్టి గొట్టం ముక్కలు తొడిగి 90 సెంటీమీటర్లకు పెంచుతాను. పెద్దవాళ్ళు నడుము వంచనక్కరలేదు, చిన్నపిల్లలకు సులభంగా అందదు. పదును పెట్టిన కత్తులు వెనుక వైపు ఏటవాలు పలక మీద, మొనలు నా వైపు ఉండేటట్లు, సన్నని తీగతో కట్టి ఉంటాయి. ముందు వరుసలో మాత్రం అవే పిడి ఆకారాలతో, అసలు పదునే పెట్టని మూడు కత్తులు ఉంచుతాను. వచ్చినవారు వాటిని నిస్సంకోచంగా పట్టుకుని తిప్పి చూస్తారు; ఫలానా పిడి బాగుందని వారు అన్న తరువాతే దానికి జోడైన పదును కత్తిని తీగ విప్పి బయటకు తీస్తాను. దానిని కూడా చేతిలోంచి చేతిలోకి ఇవ్వను. పిడి వారి వైపు ఉండేటట్లు తోలు ముక్క మీద పెడతాను, వారే తీసుకుంటారు. పదునును బొటనవేలితో చూడబోయేవారు ప్రతిచోటా ఉంటారు కనుక దానికి బదులు కోసి చూడటానికి కాగితం ముక్కలు పక్కనే సిద్ధంగా ఉండాలి. ముంజేతి మీది వెంట్రుకలు గీసి చూపించే ప్రదర్శన మీకు వద్దు. అది చూడటానికి మూగేవారు కొనేవారు కారు.

పలక మీద ప్రతి కత్తి చుట్టూ సుద్దతో గీత గీయండి. ఒకసారి నా బల్ల మీద ఒర ఉంది, అందులో కత్తి లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. గీత గీసి ఉంటే ఖాళీ చోటు వెంటనే కంటపడుతుంది. ఇరవై కత్తులూ ఒకేసారి పెడితే కుప్పగా కనబడతాయి. పన్నెండు చాలు, మిగతావి పెట్టెలో ఉండనివ్వండి. మీ దగ్గర 1084, 15ఎన్20 ఉక్కులను పొరలుగా అతికి చేసిన డమాస్కస్ కత్తి ఏదైనా ఉంటే నడుమ పెట్టండి. ఆమ్లంలో ముంచినప్పుడు మొదటి ఉక్కు నల్లబడుతుంది, సుమారు 2 శాతం నికెల్ ఉన్న రెండవది మెరుస్తూ నిలుస్తుంది; ఆ చారలే దూరం నుంచి మనిషిని బల్ల దగ్గరకు లాగుతాయి. 1973లో బిల్ మోరన్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు తన డమాస్కస్ కత్తులను ఒక ప్రదర్శనలో పెట్టిన తరువాతే ఆ పనిపై అక్కడి తయారీదారులకు మళ్ళీ ఆసక్తి కలిగింది. అయితే నా అనుభవంలో ఎక్కువగా అమ్ముడుపోయేవి వంటింటి కత్తులే, వేట కత్తులు చేయడం నాకెంత ఇష్టమైనా సరే.

తుప్పు విషయంలో ఏమరవద్దు. 1095 వంటి కార్బన్ ఉక్కు మీద వేలిముద్రల్లోని ఉప్పూ తేమా ఒక్క రాత్రిలో ఎర్రని మరకలు తెస్తాయి. ఎవరు ముట్టుకున్నా వెంటనే తుడిచి, సాయంత్రం పలుచగా మినరల్ ఆయిల్ రాయండి. రాత్రికి తోలు ఒరల్లో పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. డీ2 ఉక్కును తుప్పు పట్టనిదని అమ్మవద్దు. దానిలో క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా, చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా బిగుసుకుపోతుంది కనుక, అది తుప్పును కొంతవరకే తట్టుకుంటుంది. ఆరు నెలల తరువాత మరకల కత్తితో ఎదురుగా నిలబడిన కొనుగోలుదారుకు సమాధానం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ధరను ఉక్కు పేరు, పిడి కలప పేరుతో పాటు చీటీ మీద రాసి పెట్టండి. ధర కనబడకపోతే చాలామంది అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోతారు. లెక్క వేసేటప్పుడు మనం మరిచిపోయేది సాన బెల్టుల ఖర్చు, బల్ల అద్దె, కాల్చి ఒక్కసారిగా చల్లార్చేటప్పుడు పగిలిపోయిన అలుగుల నష్టం. ఫ్యాక్టరీ కత్తి ఇంతకంటే చౌక అని ఎవరైనా అంటే ఒప్పుకోండి, వాదించకండి. చివరి సాయంత్రం ధర తగ్గించకండి. ఉదయం పూర్తి ధర ఇచ్చినవారు అదే దారిన తిరిగి వస్తారు. తగ్గింపు అడిగినవారికి నేను మొదటిసారి సాన ఉచితంగా పట్టి ఇస్తానని చెబుతాను.

రెండు వైపులా పదునున్న బాకులను, మీట నొక్కితే తెరుచుకునే మడత కత్తులను అనుమతించని నిర్వాహకులు ఉంటారు కనుక ముందే రాతపూర్వకంగా అడగండి. కొనేవారి వయసు నియమం కూడా తెలుసుకోండి. అమ్మిన కత్తిని అట్ట మడిచి టేపు చుట్టి, పెట్టెలో మూసే ఇవ్వండి. ఒంటరిగా మాత్రం వెళ్ళవద్దు, బల్ల వదిలి కదలలేరు.

ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, ఏ కత్తిని ఎవరు తీసుకుని ఎందుకు తిరిగి పెట్టారో రాసుకోండి. ఒక ప్రదర్శనలో ఒకే కత్తిని నలుగురు ఎత్తి, వేళ్ళు ఒకసారి సర్దుకుని, ఏమీ అనకుండా పెట్టేశారు. ఇంటికి వచ్చి ఆ పిడి మందం మూడు మిల్లీమీటర్లు తగ్గించాను. తరువాతి ప్రదర్శనలో మొదటి రోజు మధ్యాహ్నానికే అది అమ్ముడుపోయింది.